తీపి నీరు, మంచి నీరు



క్రిందటి నెల ఊరగాయ జాడీలను గూర్చి వ్రాసితిమి. ఈ నెల ఒక పరదేశపు మాటను గూర్చి వ్రాయబూనినాము. ‘వంటయింట నుండు మాకు పరదేశపు మాటతో నేమి పని?’ యని పుట త్రిప్పబోవువారు కొందరుందురని యెరుగుదుము. కొంచెము తాళుడు. ఈ మాట మన పళ్లెములోని మాటయే. అది పళ్లెములో మొదలై కొల్లేటిలో తేలినది.

ఏలూరులో మా యెదురింటివారి అమ్మాయి తాడేపల్లిగూడెములో ఇంజనీరింగు చదువు ముగించి, పై చదువునకై స్పెయిన్ దేశము పోవుటకు సిద్ధపడుచున్నది. అక్కడ ఒక కుటుంబమువారి యింట కొన్ని నెలలుండవలెనట. ఆ యింటి యిల్లాలికి వారి భాషలో నొక జాబు వ్రాయవలెనని దాని పట్టు. కావున ప్రతి సాయంకాలమును పుస్తకము, ఫోను పట్టుకొని మా అరుగు మీదికి వచ్చును. మాకు స్పానిషు రాదు. అయినను తెలుగు వ్యాకరణము నొకప్పుడు కొంత చదివిన వారమగుటచే, ‘పిన్నిగారూ, ఇదేమిటో చెప్పండి’ యని మమ్ము పీడించుచుండును. ఎనుబది దాటిన దాని నాయనమ్మగారు కూడ వచ్చి స్తంభమున కానుకొని కూర్చుండును. ఆమె పుట్టిల్లు కొల్లేటి లంకలలోనిది.

స్పానిషు నేర్చుకొనుట మన తెలుగువారికి వింత కాదు. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయములో ఆ భాషను బోధించుచున్నారు. బార్సిలోనాలో 1920 లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969 లో అనంతపురము చేరి, 2009 లో కన్నుమూయువరకు ఆ కరవు సీమలోనే పనిచేసినందున, అచ్చటి పల్లెలవారికి స్పెయినువారి రాకపోకలు అలవాటైనవి. మన గోదావరి, కృష్ణా మండలములకు మాత్రము ఆ భాష దూరపు చుట్టము. దూరపు చుట్టమని యేల యన్నామనగా, దాని తోబుట్టువైన పోర్చుగీసు మన యిండ్లలో నెప్పుడో కాపురము పెట్టినది. అల్మారా, బొత్తాము, తువ్వాలు, పీపా, మేస్త్రి: ఇవన్నియు పోర్చుగీసు ఓడలతో వచ్చి మన నోళ్లలో నిలిచిన మాటలే. స్పానిషులో వీనికి దగ్గరి మాటలే యున్నవి. అమ్మాయి ‘తోయాయా’ యనగా నేమో తెలియక పుస్తకము చూచి, ‘తువ్వాలండీ!’ యని కేక వేసిన నాడు మామ్మగారు గట్టిగా నవ్విరి.

ఇక మన మాటకు వత్తము. ఆ మాట ‘దుల్సే’. స్పెయిను దేశములో చాల తావుల ‘దుల్థే’ యని, నాలుకను పండ్లనడుమ నుంచి పలుకుదురు. దక్షిణ ప్రాంతములలోను, సముద్రమునకు ఆవలనున్న అమెరికా దేశములలోను ‘దుల్సే’ యందురు. లాటిను భాషలోని ‘దుల్కిస్’ అను మాట నుండి పుట్టినది. అర్థము తీపి.

అమ్మాయికి వచ్చిన చిక్కేమనగా, పుస్తకములో ఈ మాటకు ప్రక్కన నామవాచకమనియు వ్రాసి, విశేషణమనియు వ్రాసిరి. ‘ఒకటే మాట రెండు ఎలా అవుతుందండీ? ఏదో ఒకటి తప్పు అచ్చు వేసి ఉంటారు’ అనెను. మేము నవ్వి, ‘నిన్న నీ అక్కయ్య పెండ్లిచూపులలో వచ్చినవారికి ఏమి పెట్టితిరి?’ యని యడిగితిమి. ‘ఒక తీపీ, ఒక కారమూ పెట్టామండి. తీపి అంటే పూతరేకులు.’ ‘ఆ తీపి యేమి? నామవాచకము కాదా? మరి తీపి పదార్థము, తీపి మామిడి యన్నప్పుడు?’ అమ్మాయి నోరు తెరచినది. తన యింటి మాటయే తన కడ్డు వచ్చినదని యప్పుడు తెలిసెను.

నిజమునకు మన భాషలో ఈ రుచుల మాటలు చూడ చూడ చిత్రముగా నుండును. తీపి యన్నది నామముగా నున్నను, విశేషణముగా నున్నను రూపు మారదు. చేదు కూడ నట్లే: చేదు తగ్గినది, చేదు మందు. కారము మాత్రము ఊరకుండదు. బూందీ ముందు నిలువవలసి వచ్చినచో ‘కారపు బూందీ’ యని తోక మార్చుకొనును. బెల్లమును అంతే, బెల్లపు ముక్క యగును. ఉప్పు మామూలుగా మారదు, కాని దాని వెనుక అచ్చుతో మొదలగు మాట వచ్చినప్పుడు నడుమ నొక టకారము దూరును. మన కొల్లేటి నీటిని సముద్రమునకు గొనిపోవు ఏటి పేరు చూడుడు, ఉప్పుటేరు. చిన్నయసూరిగారు 1858 లో ప్రకటించిన బాలవ్యాకరణములో ఈ టుగాగమమునకు సూత్రమే కలదు. విశేషణ విశేష్యములు కూడిన కర్మధారయములో వచ్చునది యిది. అనగా ఉప్పు అను వస్తువు పేరు ఆ యేటి ముందు నిలిచి దాని గుణమును చెప్పుచున్నది. ఉప్పుటేరు పేరును రోజుకు పదిసార్లు పలుకు బెస్తవారి యాడువారు సూత్రము నెరుగరు, టకారమును మాత్రము ఒక్కనాడును విడువరు.

దుల్సే మన తీపి వంటిదే. స్పానిషులో నామములన్నియు స్త్రీలింగమో పుంలింగమో యగును. విశేషణములు చాల వరకు వానిని బట్టి చివరి యచ్చును మార్చుకొనును. తెలుపు అను మాట పురుషునితో ‘బ్లాంకో’, స్త్రీతో ‘బ్లాంకా’. దుల్సే మాత్రము ఎవరి ప్రక్కన నిలిచినను దుల్సేయే. ద్రాక్షరసము పుంలింగము, నారింజ స్త్రీలింగము. రెండింటికిని అదే మాట. పలువురైనచో ‘దుల్సెస్’ అగును, అంతే. మరియు విశేషణము సాధారణముగా వెనుక వచ్చును, మన వలె ముందు కాదు. ‘నారింజ తీపి’ యన్నట్లు చెప్పవలెను. నామముగా వాడినచో అది పుంలింగమగును: ‘ఎల్ దుల్సే’, ఆ తీపి వస్తువు. గుర్తుపట్టుట యెట్లని అమ్మాయి యడుగగా, ముందు ‘ఎల్’, ‘ఉన్’ వంటి చిన్న మాట నిలిచి, వెనుక వేరొక నామము లేకున్నచో అది స్వతంత్రముగా కూర్చున్న నామమనియు, వేరొక నామమును ఆనుకొని యున్నచో విశేషణమనియు మేము పుస్తకమును చూచి చెప్పితిమి. ఉమ్మడి యింటిలో ఒకే స్త్రీ ఒకరికి కోడలు, ఒకరికి వదిన యైనట్లు. ఎవరి ప్రక్కన నిలిచినదో చూచిన గాని వరుస తెలియదు.

ఈ మాటకు ఆ దేశములలో ఎన్ని వరుసలో! అర్జెంటీనాలో పాలు, పంచదార కలిపి సన్నని సెగపై గంటల కొలది కలియబెట్టి ముదురు రంగు వచ్చువరకు కాచు పదార్థమును ‘దుల్సే దె లేచె’ యందురు. మన కోవా చేయు చేతికి అది వెంటనే తెలియును. మధ్య అమెరికాలోని కోస్టారికాలో చెరకు రసమును కాచి అచ్చులలో పోసిన బెల్లమునకే దుల్సే యని పేరు. ఆ బెల్లమును వేడినీటిలో కరగించి త్రాగు పానీయము ‘అగ్వా దుల్సే’. అగ్వా యనగా నీరు. మిరియము, ఏలకి లేవు గాని, మన పానకమే! మనము శ్రీరామనవమినాడు చల్లగా త్రాగుదుము, వారు కొండ చలిలో వెచ్చగా త్రాగుదురు. స్త్రీలకు కూడ ఆ మాట పేరుగా పెట్టుదురు. 1992 లో స్పానిషు సాహిత్యమునకెల్ల గొప్పదైన సెర్వాంతెస్ బహుమానము నందుకొన్న క్యూబా కవయిత్రి పేరు దుల్సే మరీయా లోయ్నాస్. మన మాధురి, మధురవాణి వంటి పేరనుకొనుడు.

అసలు కథ ఇప్పుడు వచ్చుచున్నది.

ఒక సాయంకాలము అమ్మాయి జాబు చిత్తు తెచ్చి చదివి వినిపించినది. తన యూరిని గూర్చి వ్రాసినది. విజయవాడ నుండి వచ్చు కృష్ణ కాలువయు, విజ్జేశ్వరము నుండి తాడేపల్లిగూడెము మీదుగా వచ్చు గోదావరి కాలువయు ఏలూరులో కలియునని వ్రాసినది. 1852 లో ధవళేశ్వరమునను, 1855 లో బెజవాడను ఆనకట్టలు ముగిసిన నాటి నుండి ఈ సీమకు నడిచిన చరిత్రను రెండు వాక్యములలో ముగించినది. పసితనమున కది చాలును. పిమ్మట కొల్లేరు. ‘న్వెస్త్రో లాగో ఎస్ దుల్సే’, మా సరస్సు దుల్సే, అని వ్రాసినది.

అక్కడ మేమాపితిమి. ‘సరస్సు తీపి యా?’

‘అదేనండీ, మంచినీటి సరస్సు అని. ఉప్పు లేని నీటిని వాళ్లు అగ్వా దుల్సే అంటారు. పుస్తకంలోనే ఉంది.’

పుస్తకములో నున్నది నిజమే. బెల్లపు పానకమునకు కోస్టారికాలో చెల్లు మాటయే, ఇతరత్ర సముద్రపు నీరు కాని నీటికి చెల్లును. 1516 లో హువాన్ దియాస్ దె సోలీస్ అను నావికుడు దక్షిణ అమెరికా తీరమున ఒక మహా జలరాశిలో ఓడ నడిపించి, నీరు ఉప్పగా లేకుండుట చూచి దానికి ‘మార్ దుల్సే’ యని, అనగా తీపి సముద్రమని పేరు పెట్టెను. అది సముద్రము కాదు, నది ముఖము. నేడు దానిని రియో దె లా ప్లాతా యందురు. నికరాగువాలోని మహా సరస్సునకును 1523 లో ఆ పేరే పెట్టిరి. కడలి మీద నెలల కొలది ఉప్పుగాలి పీల్చినవారికి ఉప్పు లేని నీరు తీపి గాక మరేమి?

కాని అమ్మాయి వాక్యములో దుల్సేను సరస్సునకు తగిలించినది. అది నీటికి తగులవలెను. సరస్సు తీపి కాదు, సరస్సులోని నీరు తీపి. ‘ఉన్ లాగో దె అగ్వా దుల్సే’, తీపి నీటి సరస్సు, అని వ్రాయవలెను. విశేషణము ఎవరి కొంగు పట్టుకొన్నదో చూచుకొనకున్న అర్థము చెడును. మన పిల్లలు ‘వేడి పాల గ్లాసు’ అనబోయి ‘పాల వేడి గ్లాసు’ అన్నచో నవ్వమా?

‘అగ్వా’ విషయములో నింకొక చిక్కు. అది స్త్రీలింగమే గాని, ముందు వచ్చు ‘లా’ యను చిన్న మాట రెండు అకారములు తగిలి పలుకుట కడ్డమని ‘ఎల్’ అగును. ఎల్ అగ్వా యని చూచి పుంలింగమనుకొని, చల్లని నీటికి ‘ఫ్రీయా’ యనవలసిన చోట ‘ఫ్రీయో’ యందురు క్రొత్తవారు. దుల్సేతో ఆ భయము లేదు, లింగమును పట్టించుకొనని మాట గదా. అమ్మాయి ఊపిరి పీల్చుకొన్నది.

ఇంతలో స్తంభము దగ్గర నుండి మామ్మగారు, ‘ఏమిటే అమ్మడూ, కొల్లేరు నీళ్లు తీపి అంటున్నావు?’ అని యడిగిరి.

అమ్మాయి బోధపరచినది. మామ్మగారు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట మా వైపు తిరిగి, ‘అవునమ్మాయ్, తియ్యగానే ఉండేవి. మా చిన్నప్పుడు దోనెలో కూచుని చేత్తో తీసుకు తాగేవాళ్లం. కాస్త మట్టిగా ఉంటే ఇంటికి తెచ్చి కుండలో చిల్లగింజ అరగదీసేవాళ్లం, తెల్లారేసరికి తేరుకునేవి. ఇప్పుడు మా అన్నయ్య మనవడు అదే గట్టు మీద డబ్బా నీళ్లు కొనుక్కుంటున్నాడు. మంచినీళ్ల సరస్సు అంటారు, మంచినీళ్లకి డబ్బా కొంటారు. మరి వాళ్ల భాషలో డబ్బా నీళ్లనేమంటారే?’ అనిరి.

అమ్మాయి పుస్తకము త్రిరగవేసినది. దొరికినది. ‘అగ్వా పొతాబ్లే’, త్రాగదగిన నీరు. అది వేరు మాట. అప్పుడు మాకు చాల సేపటి వరకు తోచని సంగతి తోచినది. స్పానిషువారికి రెండు మాటలున్నవి. దుల్సే యనగా ఉప్పు లేదని మాత్రమే. అందులో మురుగు కలిసినను, మందులు కలిసినను, ఉప్పు లేనంత వరకు అది దుల్సేయే. త్రాగవచ్చునని చెప్పవలెనన్న పొతాబ్లే యనవలెను. మనమో, ఈ రెండింటిని ‘మంచి’ యను ఒక్క మాటలో ముడివేసితిమి. చెరువు నీరు ఉప్పు కాకున్న మంచినీరు; గ్లాసులో త్రాగునదియు మంచినీరే. మన పెద్దలు ఆ ముడి వేసిన కాలములో రెండును ఒక్కటియే గనుక, వారి తప్పు లేదు. ఇప్పుడు రెండును వేరైనవి, మాట మాత్రము పాతదే. ‘కొల్లేరు మంచినీటి సరస్సు’ అని బడిలో పిల్లలచే వల్లె వేయించునప్పుడు, ఆ మంచి యే మంచియో ఎవరు చెప్పుదురు?

కొల్లేటి సంగతి చదువరులలో చాలమంది యెరుగుదురు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లముగా నున్న ఆ సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగునవి వచ్చి పడును. వచ్చినదంతయు సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతమునకు పోవలెను. పంటకాలువల మురుగును, ఊళ్ల మురుగును దానిలోనికే చేరును. సరస్సు గర్భములో చేపల చెరువులు కట్టిరి. 1999 లో 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. 2002 లో రామ్‌సార్ ఒడంబడిక జాబితాలో చేర్చిరి. 2006 నాటికి ప్రభుత్వము చాల చెరువుల గట్లు తెగగొట్టించినది. ఆ గట్ల మీద బ్రతికిన కుటుంబముల గోడు ఒక ప్రక్క, సరస్సు గోడు ఒక ప్రక్క. ఎవరి ప్రక్క నిలిచి మాటలాడినను రెండవవారి యింటి పొయ్యి కనబడును. ఇది ఒక పుటలో తేలు వ్యవహారము కాదు.

ఉప్పు మాత్రము దిగువనుండి లోనికి వచ్చుచున్నదను మాట చెప్పక తప్పదు. సరస్సులో నీరు తగ్గిన ఎండకాలములో, సముద్రపు పోటు ఉప్పుటేటి వెంట ఎదురెక్కును. దానికి తోడు రొయ్యలు. వనామి రొయ్య పుట్టిల్లు మెక్సికో మొదలు పెరూ వరకు గల పసిఫికు తీరము, అనగా స్పానిషు మాటలాడు తీరమే. 2009 లో మన దేశములో దాని పెంపకమునకు అనుమతి వచ్చిన పిమ్మట మన జిల్లాల చెరువులలో నిండినది. అది ఉప్పునీటి జీవి. తక్కువ ఉప్పులోను పెరుగును గాని, కొంతైన ఉండవలెను. మన నీలకంఠ రొయ్య అట్లు కాదు. గ్రుడ్లు పొదుగుటకు మాత్రము ఉప్పు కలిసిన నీటికి పోయి, పిమ్మట మంచినీటిలోనే పెరిగి పెద్దదగును. పుట్టింటికి పురిటికి పోయి అత్తింట కాపురము చేసినట్లు. వనామి వచ్చి కొందరి యింట మేడలు లేచిన మాట నిజమే. ప్రక్క పొలములోని బోరు నీరు నోట పెట్టరాకుండ పోయిన మాటయు నిజమే. ఆ పొలము వారి యింట బిందె నెత్తి కెత్తుకొని ఎంత దూరము పోవలెనో లెక్క వేయునది ఎవరు? ఆ యింటి ఆడుదియే.

ఏలూరువారమైన మాకు నీటి మాట వచ్చినప్పుడెల్ల 2020 డిసెంబరు జ్ఞప్తికి వచ్చును. ఆ వారములో వందలమంది ఉన్నట్లుండి మూర్ఛలు వచ్చి పడిపోయి ఆసుపత్రి చేరిరి. మా వీధిలో ప్రతి యిల్లాలును తొలుత అనుమానించినది కుళాయినే. పిల్లల నోటి దగ్గరకు గ్లాసు పోవునప్పుడు చేయి వణికినది. మామ్మగారు ఆ రోజులలో, కాచినను చాలదేమో యని, మూడు మారులు కాచి వడగట్టిన నీటిని చూచుకొనుచు కూర్చుండిరి గాని త్రాగలేదు.

ఆ సాయంకాలము జాబు మరల వ్రాయవలసి వచ్చెను. ‘కొల్లేరు తీపి నీటి సరస్సు’ అను వాక్యము సరియైనది, దానిని ఉంచితిమి. దాని క్రింద మరియొక వాక్యము వ్రాయవలెనని మామ్మగారు పట్టుబట్టిరి. అమ్మాయి వద్దన్నది. ‘ఊరు కాని ఊరువాళ్లకి మొదటి జాబులోనే మన ఊరి చెడు రాస్తామా?’ యని దాని వాదము. అందులోను న్యాయము లేకపోలేదు. మేము కూడ మొదట అమ్మాయి పక్షమే వహించితిమి. మామ్మగారు, ‘చెడు రాయమనలేదే. ఉన్నది రాయి. ఆవిడా ఇల్లాలే కదా, నీళ్ల సంగతి ఆవిడకి తెలియదూ?’ అనిరి. దానికి మా యొద్ద బదులు లేకపోయెను.

చివరకు అమ్మాయి కలము పట్టినది. మా కొల్లేరు తీపి నీటి సరస్సు. మా నాయనమ్మ చిన్ననాడు ఆ నీరు త్రాగినది. ఇప్పుడు త్రాగము. మూడు వాక్యములు, మూడును చిన్నవే. మూడవ దానిలో ‘పొతాబ్లే’ యను మాట పెట్టవలెనా, వలదా యని చాలసేపు తర్కించి, ‘త్రాగము’ అన్న క్రియయే చాలునని విడిచితిమి. పిమ్మట కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి జాతరను గూర్చియు, ఆటపాకలో గూడకొంగలు దిగు చెట్లను గూర్చియు సంతోషముగా నాలుగు వరుసలు చేర్చినది.

జాబు పోయిన పది దినములకు ఫోనులో బదులు వచ్చినది. ఆ యిల్లాలు, తన యమ్మమ్మ ఊరిలోను ఒక ఊట యుండెడిదనియు, ఇప్పుడు వారును సీసా నీరే త్రాగుచున్నారనియు వ్రాసినది. మరియు ‘మీ యమ్మాయికి ఏ దుల్సే ఇష్టము?’ అని యడిగినది. ఇది నామమా, విశేషణమా యని మేము అడుగకమునుపే, ‘నామవాచకమండీ, వెనక ఇంకే మాటా లేదు’ అని అమ్మాయి నవ్వినది. పూతరేకులు పెట్టెలో విరుగకుండ స్పెయిను వరకు కొనిపోవు ఉపాయ మేదైన చదువరు లెరిగియున్నచో మాకు వ్రాయుదురుగాక. ప్రయాణము వచ్చే నెలలోనే.